పుంజో పెట్టయో

ఏ జాతి కోడిపిల్లయైనను గ్రుడ్డు పగిలి వెలువడిన నాడే అది పుంజో పెట్టయో నమ్మకముగా చెప్పగల విద్య లోకమునకు లభించి సుమారు నూఱేండ్లు మాత్రమే అయినది. అంతకు పూర్వము వేలయేండ్లుగా కోళ్లను సాకిన మానవుడు ఈ సంగతి తెలియకయే సుఖముగా కాలము గడపెను. పెరటిలో పెరుగు కోడి విషయమున అంత తొందరపడి లింగనిర్ణయము చేయవలసిన అగత్యము లేకుండుటయే ఇందులకు ముఖ్యకారణమని నా నిశ్చయము.

మన పల్లెలలో ఈ పరిశీలన స్త్రీల అధీనమున నుండెను. ఇరువదియొక్క దినములు పొదిగి లేచిన తల్లికోడి వెంట దొడ్డిలో తిరుగు పిల్లలకు తవుడో నూకలో చల్లుచు, ప్రొద్దుక్రుంకువేళ వానిని గంప క్రింద మూయుచు, దినదినమును వాని వాలకమును కనిపెట్టు గృహిణికి మొదటి నెలలో రూఢిగా ఏమియు తెలియదు; తెలియవలెనను ఆతురతయు ఆమెకు లేదు. నెలన్నర దాటునప్పటికి కొన్ని పిల్లల నెత్తిమీది జుట్టు తక్కినవానికంటె పెరిగి ఎఱ్ఱబారును. గడ్డము క్రింది తమ్మెలు తొంగిచూచును. కాళ్లు బలిసి, నడకలో నిక్కు కానవచ్చును. ఆ వయస్సున పెట్టపిల్లల జుట్టు ఇంకను చిన్నదై పాలిపోయిన వన్నెతోనే యుండును. అసీలు జాతియందు జుట్టు స్వభావముచేతనే పొట్టిది గనుక దానిని మాత్రమే నమ్మి తీర్పు చెప్పరాదు. అందు కాళ్ల లావును, నిలుచు తీరును గమనింపవలెను. మూడు మాసములు నిండిన పిదప పుంజు మెడమీదను నడుముమీదను మొలచు ఈకలు సన్నగా కోసుగా సాగి తళతళలాడును. పెట్ట ఈకల కొనలు గుండ్రముగనే యుండును. నడుముమీది ఈక నొకదానిని వెలుతురున పట్టి చూచిన చాలును, సందేహమునకు తావుండదు. ఏమైన అనుమానము మిగిలినచో, ఒకనాటి వేకువను గొంతు సరిగా పలుకని తొలికూత దానిని తీర్చివేయును.

అట్లు తేలిన పుంజునకు పల్లె జీవితమున నియతమైన స్థానము కలదు. గ్రామదేవత జాతరకు మ్రొక్కుబడిగను, అల్లుడు వచ్చిననాటి విందుగను, గోదావరి ప్రాంతమున సంక్రాంతి పందెముగను అది వినియోగపడుచుండెను. పల్నాటి వీరుల కథలో రాజ్యభోగములే ఒక కోడిపందెముపై ఆధారపడినవి గదా! పందెగాండ్రు కుక్కుటశాస్త్రమును పట్టి కాకి, డేగ, నెమలి అని రంగులనుబట్టి పుంజులకు పేరులు పెట్టి, వాని జయాపజయములను తిథివారములతో ముడివేసిరి. పుట్టినది పుంజైనంత మాత్రమున దానిని పాఱవేయవలెనను ఊహ ఆ పెరటిలో ఎవరికిని కలుగలేదు.

గ్రుడ్డును చూచియే ఫలితమును చెప్పవలెనను కుతూహలము మాత్రము మిక్కిలి ప్రాచీనమైనది. పొడవై కొనదేరిన గ్రుడ్లనుండి పెట్టలును, గుండ్రని వానినుండి పుంజులును పుట్టునని అరిస్టాటిల్ వ్రాసెను. సుమారు నాలుగు శతాబ్దముల తరువాత రోమను వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా, పుంజులు కావలసినవారు కోసుగ్రుడ్లను, పెట్టలు కావలసినవారు గుండ్రని గ్రుడ్లను పొదిగింపవలెనని సరిగా దానికి విరుద్ధముగా విధించెను. పిల్లలలో ఇంచుమించు సగము పుంజులును సగము పెట్టలును అగుటచేత, ఈ రెండు మతములలో దేనిని నమ్మినవానికైనను సగము సారులు తన మాటయే నెగ్గినట్లు తోచును. ఇట్టి విశ్వాసములు ఇన్ని యుగములు బ్రదికియుండుట అందువలననే.

ఇరువదవ శతాబ్దారంభమున మెండెలు వంశపారంపర్య సూత్రములు మరల వెలుగులోనికి వచ్చిన పిదప గాని ఈ విషయమున శాస్త్రము నోరు విప్పలేదు. పక్షులలో సంతానము యొక్క లింగమును నిర్ణయించునది తల్లి. ఈకలపై అడ్డచారల నిచ్చు గుణమును చారల పెట్ట తన కుమారులకే ఇచ్చును గాని కుమార్తెల కీయదు. కావున అట్టి పెట్టను చారలులేని నల్లని పుంజుతో జతపఱచినచో, పుట్టిన పిల్లలలో నడినెత్తిన తెల్లని మచ్చ గలది పుంజు, లేనిది పెట్ట. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో ఆహారమునకు కొఱత వాటిల్లినపుడు, ఇట్టి గుర్తులచే పుంజుపిల్లలను మొదటనే ఏరివేసి మేతను మిగుల్పవచ్చునని కేంబ్రిడ్జి పండితుడు పన్నెట్ సూచించెను. ఆయనయే పీజ్ అను సహచరునితో కూడి, కోడిపిల్లల రంగులోనే లింగభేదము తరతరములకు నిలుచునట్లు ‘కాంబార్’ అను జాతిని 1929లో సిద్ధపఱచెను.

ఐనను ఈ ఉపాయము కొన్ని జాతులకే చెల్లును. ఎల్ల జాతులకు చెల్లు మార్గమును చూపినవారు జపానువారు. మసూయి కియోషి, హషిమోటో, ఓనో అను పండితులు 1920 దశకము నడుమ తమ పరిశోధనను ప్రకటించిరి; 1927లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో మసూయి దానిని లోకమునకు వినిపించెను. ఒకనాటి పిల్లను ఎడమచేత పట్టి, రెట్ట పిండివేసి, వ్రేళ్లతో మలద్వారమును మృదువుగా విప్పి, ప్రకాశవంతమైన దీపము క్రింద చూచినచో, లోపలి అంచున గుండుసూది తలపాటి బొడిపె యొకటి కనబడును. పుంజుపిల్లలో అది బిగువుగా నిగనిగలాడును. కొన్ని పెట్టపిల్లలకును దానివంటిదే యుండును గాని అది మెత్తనిది, వ్రేలు తగిలిన అణగిపోవును. ఈ తారతమ్యమును పుస్తకముచే నేర్పుట అసాధ్యము. గురువు ప్రక్కను కూర్చుండి వేలకొలది పిల్లలను పట్టి చూచిన కన్నునకే అది పట్టువడును. నేర్చిన వారు గంటకు ఇంచుమించు 1000 పిల్లలను వేఱుచేయుచు, నూటికి రెండుమూడు మించి తప్పకుండిరి. ఇంతటి సూక్ష్మదృష్టిని సాధించిన ఆ పనివారిని ఎంత కొనియాడినను తీరదు. 1930 దశకమున వారు కెనడా, అమెరికా దేశముల హేచరీలకు పోయి గౌరవముతో జీవించిరి. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములలో ఉంచినపుడును, ఈ విద్యగల కొందఱికి దానివలననే వెలుపల పని దొరకెను.

ఇంతటి విద్య పుంజుపిల్ల పాలిటికి మాత్రము మృత్యువయ్యెను. గ్రుడ్లకై ప్రత్యేకించి పెంచిన జాతులలో పుంజు గ్రుడ్డు పెట్టదు, మాంసమునకును లాభింపదు. కావున పుట్టిననాడే గుర్తుపట్టి పుట్టిననాడే చంపుట వర్తకధర్మమైపోయినది. ఈ హింసను నేను సమర్థింపజాలను. జర్మనీ 2022 ఆరంభమునుండి దీనిని నిషేధించినది. అచటి హేచరీలు ఇపుడు పొదుగుచున్న గ్రుడ్డులోనే లింగమును కనుగొను యంత్రములను ఆశ్రయించుచున్నవి. మన హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ కోడి త్రోవ వేఱు. అది మాంసమునకును గ్రుడ్లకును పనికివచ్చునది గనుక, దాని పిల్లలను తెచ్చుకొన్న ఇల్లాలు తొలినాడే పుంజును వెదకి తీసివేయనక్కఱలేదు. జుట్టు ఎఱ్ఱబారువఱకు అన్నిటికి ఒకటే మేత వేసి, పుంజులను కొన్ని మాసములకు అమ్ముకొని, పెట్టలను గ్రుడ్లకై నిలుపుకొనవచ్చును.