న్సాలా ఛాయాచిత్రము

పటమును చూచినవాడు "కన్నులారా చూచితిని" అనును. ఆ నమ్మకమునకు గల బలమును, కొరతను కాంగో చరిత్రలో చూడగలము.

బెల్జియము రాజు రెండవ లియోపోల్డు 1885 నుండి కాంగోను తన సొంత ఆస్తివలె ఏలెను. రబ్బరు తేలేని పల్లెలపై సిపాయిలు పడి, కాల్చిన తూటాలకు లెక్కగా చేతులు నరికి తెచ్చెడివారు. 1890లోనే జార్జి వాషింగ్టన్ విలియమ్స్ అను నల్లజాతి అమెరికను రాజునకు బహిరంగ లేఖ వ్రాసెను. మిషనరీలును వ్రాసిరి. కాగితమును కాదనుట సులువు.

1904 మే నెలలో న్సాలా అను తండ్రి బరింగా మిషనుకు ఒక ఆకుల పొట్లము తెచ్చెను. అందులో ఉన్నవి అతని ఐదేండ్ల కుమార్తె బోవాలి చేయి, పాదము. మిషనరీ ఆలిస్ సీలీ హారిస్ అతనిని వరండా అంచున కూర్చుండబెట్టి, వాటిని ఎదుట నుంచి ఫోటో తీసిరి. మేజిక్ లాంతరు తెరపై ఆమె పటములు చూచి ఇంగ్లాండు, అమెరికా సభలు కదలిపోయినవి. (మన పల్లెలలో పెద్దలు క్రీస్తు చరిత్రను చూచినది అట్టి లాంతరు మీదనే.) 1908లో కాంగో రాజు చేయిజారి బెల్జియము ప్రభుత్వమునకు పోయెను. అది ఫోటోల పని మాత్రమే కాదు. కేస్‌మెంట్ నివేదిక, మోరెల్ వ్రాతలు కూడ పనిచేసినవి.

అయితే ఆ పటము అబద్ధము కాదు గాని అమర్చినది. అందులో మౌనముగా కూర్చున్న బాధితుడే కనబడును. సాక్ష్యమును మోసికొని ఫిర్యాదుకు వచ్చిన మనిషి కనబడడు. కాంగో ప్రజలకు నోరు లేదని చూచినవారు తలంచిరేమో. నోరున్నది. అదే కాలమున రాజు పంపిన విచారణ సంఘము ఎదుట లొంటులు అను గ్రామపెద్ద 110 పుల్లలు పరచి, ఒక్కొక్క పుల్లకు రబ్బరు కొరకు చంపబడిన తనవారిలో ఒక్కొక్కరి పేరు చెప్పెను. ఆ వాఙ్మూలములు దశాబ్దములపాటు బీరువాలలోనే ఉండెను.