పాత బోల్టు తుపాకి మీద కొత్త దుర్భిణి

హోసూరు, డెంకణికోట, జవళగిరి పక్క పాత తెలుగు ఇండ్లలో లైసెన్సు తుపాకులు ఇంకా కొన్ని మిగిలుండాయి. వేట మాత్రం లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో ఆ కాలం అయిపోయింది. కెన్నెత్ ఆండర్సన్ జవళగిరి పులి కథ రాసిన ఈ చుట్టుపట్ల అడవుల్లో చాలా భాగం 2014 నుంచి కావేరి ఉత్తర అభయారణ్యం. ఇప్పుడు తుపాకి పేలేది రైఫిల్ క్లబ్బులో, అట్ట మీదనే. అక్కడికి పోయొచ్చిన మా బిడ్డలు అడిగేది ఒకటే: తాత తుపాకికి స్కోపు పెట్టిస్తే ఏం?

మా ఇంటిది మౌజరు బోల్టు. 1898లో జర్మనీ సైన్యం తీసుకున్న నమూనా అది. దాని మీద కట్టిన వేట తుపాకులు మన దేశానికి చాలానే వచ్చినాయి. 1907లో చంపావత్ ఆడపులిని కొట్టినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమానంగా ఇచ్చిన .275 రిగ్బీ కూడా ఆ జాతిదే. దానికి స్కోపు లేదు. ఉత్త కంటితో, ముందు వెనక సైట్లు కలిపి చూసి కొట్టేవాడు.

ఆ తుపాకిని చేసింది అట్లాంటి కంటి కోసమే. స్కోపు పెట్టబోతే ఆ సంగతి అడుగడుగునా తెలుస్తుంది. బోల్టు పిడిని పైకి లేపితే స్కోపు గొట్టానికి తగులుతుంది. దాన్ని కోసి, కిందికి వంగిన కొత్త పిడి అతికించాల. సేఫ్టీ రెక్క బోల్టు వెనక నిలువుగా తిరుగుతుంది, దానికీ స్కోపు అడ్డమే, కాబట్టి పక్కకు తిరిగేది వేయాల. పైనుంచి క్లిప్పుతో ఐదు తూటాలు ఒకేసారి నొక్కే దారి మూసుకుపోతుంది. అన్నిటికంటే కష్టం స్కోపు దిమ్మెలకు మరలు దించడం. పైన గట్టిపరిచిన ఉక్కు మీద బరమా జారుతుంది. రంధ్రం వెంట్రుకవాసి వంకర పోయినా స్కోపు గొట్టానికి సమాంతరంగా నిలవదు. ముందు మర పొడుగైతే బ్యారెల్‌ను నొక్కుతుంది. పైగా సిపాయి మౌజర్లలో రాజముద్ర ఉండేది సరిగ్గా ఆ ముందు రింగు మీదే!

ఇంత చేసినా చెంప ఆనదు. పాత కట్టె పైఅంచు సైట్లకు తగినట్టు పల్లంగా ఉంటుంది, స్కోపేమో ఎత్తులో ఉంటుంది. ఇంగ్లీషువాళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో లీ-ఎన్‌ఫీల్డ్ నెం.4కు మూడు రెట్లు పెద్దగా చూపే దుర్భిణి బిగించే పని లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ చేసింది. ఎడమ పక్క దిమ్మెలు మరలతో బిగించినారు, చెంప కోసం కట్టె మీద ఇంకో చెక్క ముక్క వేసినారు. అంత పేరున్న పనివాళ్లే చెక్క అతికించక తప్పలేదు.

ఇషాపూర్ .315 ఉన్న ఇండ్లవాళ్లూ ఇది చూసుకోవాల, దాని బోల్టూ లీ-ఎన్‌ఫీల్డ్ వంశమే. సర్కారు .303 తూటా సైన్యానిదని జనానికి ఇవ్వలేదు, అందుకే ఈ .315 పుట్టింది.

మీ ఇంటి తుపాకికి ఎవరో ముందే రంధ్రాలు వేసుంటే, కొత్త స్కోపుకు మా అభ్యంతరం లేదు. లైసెన్సున్న తుపాకి పనివాడి దగ్గరికే తీసుకుపోండి. 1959 ఆయుధాల చట్టం కింద మరమ్మతుకూ లైసెన్సు ఉండాల. రంధ్రం లేనిదైతే వేయించవద్దనే అంటాము. పోయిన కంటిచూపుకు అద్దాలున్నాయి, వేసిన రంధ్రం పూడ్చినా మచ్చ పోదు. మాదానికి బరమా తగలనీయలేదు. స్కోపు కావాలన్న పిల్లోడు క్లబ్బు .22తో గురి పడతావుండాడు.