మీటరుకీ వీసా కావాలట!

మన సాఫ్ట్‌వేర్ జనాలకి వీసా అనగానే కాన్సులేటు, క్యూ, స్టాంపింగు గుర్తొస్తాయి. వోల్టేజీ కొలిచే మీటరుక్కూడా ఓ వీసా ఉంటుందనీ, అది లేకపోతే కంప్యూటర్లోకి దానికి ప్రవేశం దొరకదనీ, ఒకటికి రెండు వీసాలుంటే అసలుకే మోసమనీ నాకు కొన్నేళ్ల కిందటే తెలిసింది. తెలిసిన తీరు తల్చుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది. అయినా చెబుతా.

అప్పట్లో నేను పనిచేసే చోట సర్క్యూట్ బోర్డుల్ని పరీక్షించే టెస్ట్ బెంచీ ఒకటుండేది. దానిమీద ఓ పాతకాలపు మల్టీమీటరు, దాన్ని కంప్యూటరుకి కలిపే కార్డు, వేలెడు లావు కేబులు. ఏళ్ల తరబడి నోరెత్తకుండా పనిచేసిన సరంజామా అది. దాని పక్కన వేరే కంపెనీ వాళ్ల కొత్త పవర్ సప్లై పెట్టి, యూఎస్‌బీ కేబులు తగిలించి, దాంతోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశాను. పనిలో పనిగా, ఏ పరికరాలు పలుకుతున్నాయో చూసే కొత్త స్క్రిప్టు కూడా ఒకటి రాశాను. రీస్టార్ట్ చేశాక కొత్తది భేషుగ్గా కనబడింది. పాత మీటరు మాత్రం జాబితాలోంచి మాయం. కేబులు పీకి పెట్టా, డ్రైవరు తీసేసి మళ్లీ వేశా, నాలుగుసార్లు రీబూట్ చేశా. ఉహూ.

సాయంత్రానికి విసుగొచ్చి మేనేజరుకి మెయిలు కొట్టేశా. మీటరు పోయినట్టుంది, దాని ఈడువే ఇంకొన్ని ఉన్నాయి కాబట్టి అన్నిట్నీ కలిపి స్క్రాపుకిచ్చేసి కొత్తవి కొనడం మేలు అని దాని సారాంశం. లాబ్ చూసుకునే పెద్దాయనకి కాపీ కూడా పెట్టా. ఆ మీటర్లకి ఏటా క్యాలిబ్రేషన్ చేయించి కంటికి రెప్పలా కాచుకునేది ఆయనే. ఆయన శ్రద్ధ మీదే నేను రాయి విసురుతున్నానన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్నే నా సీటు దగ్గరికొచ్చాడు. మొహంలో కోపమేమీ లేదు.

"బాబూ, మీటరు పోయిందన్నావు. ఎవరు చెప్పారు?"

"సాఫ్ట్‌వేర్ చెప్పిందండీ."

"మరి మీటర్ని అడిగావా?"

ఆ ప్రశ్నలో ఉన్న మెలిక అర్థం కావాలంటే ఓ అరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

1960ల్లో కొలత పరికరాన్ని కంప్యూటరుకి కలపడమంటే ఎవరి గొడవ వారిదే. మీటరు మీద కనబడే ఒక్కో అంకెని నాలుగేసి తీగల మీద బయటికి పంపే పద్ధతి వాడేవాళ్లు. ఆరంకెల మీటరంటే అంకెలకే ఇరవై నాలుగు తీగలన్నమాట. ప్లస్సూ మైనస్సూ, దశాంశ బిందువూ వగైరాలకి వేరే. ఇంకో కంపెనీ మీటరు కొంటే ఇంకో కనెక్టరు, ఇంకో కార్డు. సొంతంగా రకరకాల పరికరాలు తయారుచేసే హెచ్‌పీకి ఈ తలనొప్పి మిగతావాళ్లకంటే ఎక్కువ. అందుకే ఆ దశాబ్దం చివర్లో అన్నిటికీ పనికొచ్చే ఒకే బస్సు మీద వాళ్లు పని మొదలెట్టారు. (మన సిటీ బస్సు కాదు లెండి.) దానికి పెట్టుకున్న పేరు హెచ్‌పీ-ఐబీ. 1975లో ఐట్రిపుల్ఈ సంస్థ దాన్ని 488 నంబరు ప్రమాణంగా ఆమోదించింది. పోటీ కంపెనీలు హెచ్‌పీ పేరెందుకు పలుకుతాయి? వాళ్లు జీపీఐబీ అన్నారు. ఆ పేరే స్థిరపడింది.

దాని పనితనం నాకు భలే నచ్చుతుంది. పదహారు సిగ్నల్ తీగలు. ఎనిమిది డేటాకి, అయిదు అజమాయిషీకి, మిగతా మూడూ కరచాలనానికి. ఆ మూడిట్లో ఒకటి 'డేటా పెట్టాను' అంటుంది, రెండోది 'ఇంకా సిద్ధంగా లేను' అంటుంది, మూడోది 'ఇంకా తీసుకోలేదు' అంటుంది. బడిలో డిక్టేషన్ గుర్తుందా? వెనక బెంచీ వాడు కూడా రాసుకున్నాకే మేష్టారు రెండో వాక్యం చదివేవారు. ఇదీ అంతే. వినేవాటిలో అన్నిటికంటే నెమ్మదైన పరికరం ఎంత వేగంతో తీసుకుంటే అంత వేగంతోనే ఆ సంభాషణ నడుస్తుంది. అందుకే కొత్త తరం పరికరమూ పాత తరం పరికరమూ ఒకే కేబులు మీద తగువు లేకుండా బతికేస్తాయి. ఒక బస్సు మీద కంప్యూటరుతో కలిపి పదిహేను పరికరాలు, మొత్తం కేబులు ఇరవై మీటర్లు మించకూడదు. 1977లో వచ్చిన కమడోర్ పెట్ అనే చిన్న కంప్యూటరు తన ఫ్లాపీ డ్రైవుల్ని కూడా ఈ బస్సు మీదే నడిపింది.

బానే ఉంది కానీ, 1975లో తేలింది తీగల సంగతి మాత్రమే. అక్షరాలు ఎలా చేరాలో రాసుకున్నారు, చేరాక వాటి అర్థమేంటో రాసుకోలేదు. టెలిఫోన్ లైను వేశారు కానీ అవతలివాడిది ఏ భాషో చెప్పలేదు. దాంతో వోల్టేజీ కొలవమనడానికి ఒక మీటరుకి రెండక్షరాల సంకేతం, ఇంకోదానికి వేరే సంకేతం. మీటరు మారిస్తే ప్రోగ్రామూ మార్చుకోవాల్సిందే.

భాష సంగతి కొంత తేలడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. 1987లో వచ్చిన 488.2 ప్రమాణం ప్రతి పరికరానికీ కొన్ని ఉమ్మడి ఆదేశాలు తప్పనిసరి చేసింది. వాటిలో అందరికీ తెలిసింది '*ఐడీఎన్?'. అంటే 'నువ్వెవరు?' అని. జవాబులో నాలుగు ముక్కలు, మధ్యలో కామాలు: తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్. 1990లో కంపెనీలన్నీ కూడి దానిపైన స్కిపీ అనే ఉమ్మడి భాషని తెచ్చాయి. ఏ కంపెనీ మీటరునైనా డీసీ వోల్టేజీ ఒకే మాటతో అడగొచ్చు. తప్పు మాటంటే జాబితాలో రాసుకునే ఎర్రర్ నంబరు కూడా ఒకటే: మైనస్ 113, 'ఈ మాట నాకు తెలీదు' అని.

కింద తీగలు కుదిరాయి, పైన భాష కుదిరింది. మధ్యలో కంప్యూటరుంది, అసలు రామాయణం అక్కడే. 1976లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ముగ్గురు యూనివర్సిటీ ఉద్యోగులు, జేమ్స్ ట్రుషార్డ్, జెఫ్ కొడోస్కీ, బిల్ నౌలిన్, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీ పెట్టారు. పీడీపీ-11 కంప్యూటరుకి జీపీఐబీ కలిపే కార్డు వాళ్ల తొలి సరుకు. 1986లో లాబ్‌వ్యూ కూడా వాళ్లదే. కార్డులు హెచ్‌పీవీ ఉన్నాయి, ఇంకొందరివీ ఉన్నాయి. ఎవరి కార్డుకి వారి డ్రైవరు, ఎవరి ఫంక్షన్లు వారివి. ఒకరి కార్డుకి రాసిన ప్రోగ్రాము ఇంకొకరి కార్డు మీద నడవదు. ఈ గొడవ తీర్చడానికి 1993లో ఏర్పడిన కంపెనీల కూటమి తయారుచేసిందే వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్, పొట్టిగా వీసా. కింద జీపీఐబీ ఉన్నా, సీరియల్ పోర్టున్నా, నెట్‌వర్కున్నా ప్రోగ్రాం రాసేవాడికి ఒకే ఫంక్షన్లు. తర్వాత యూఎస్‌బీ పరికరాలు వస్తే అవీ దానికిందే చేరాయి.

ఇక్కడే చిన్న తిరకాసు. వీసా అనేది కాగితం మీది ప్రమాణం. దాన్ని అమలుచేసే లైబ్రరీలు కంపెనీకొకటి. ఎవరి లైబ్రరీ ఉన్నా ప్రోగ్రాం మార్చకుండా నడవాలన్న సదుద్దేశంతో విండోస్‌లో ఆ ఫైలు పేరు కూడా అందరికీ ఒకటే పెట్టారు: వీసా32.డీఎల్ఎల్. ఒకే మెషీన్లో రెండు కంపెనీల వీసాలు ఇన్‌స్టాలైతే ఆ పేరుతో పిలిచినప్పుడు పలికేది ఎవరు? రెండిట్లో ఏది ప్రధానమో తేల్చే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి. కానీ మనం ఇన్‌స్టాలర్లో 'నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్' కొట్టేటప్పుడు వాటిని చూసే నాథుడెవడు?

ఇప్పుడు మా బెంచీ దగ్గరికొద్దాం. పెద్దాయన నన్ను తీసుకెళ్లి, ఆ కార్డుతో ఎప్పుడో వచ్చిన చిన్న యుటిలిటీ తెరిచాడు. అది వీసాతో నిమిత్తం లేకుండా నేరుగా కార్డుతో మాట్లాడుతుంది. మీటరు మాన్యువల్లోంచి ఒక పాత ఆదేశం కొట్టాడు. మీటరు మొహమ్మీద 'రిమోట్' గుర్తు వెలిగింది, రీడింగు వచ్చేసింది. అంటే మీటరూ, కేబులూ, కార్డూ నిక్షేపంలా ఉన్నాయి. చచ్చింది వాటిపైన ఉన్నదన్నమాట. నేను వేసిన కొత్త సాఫ్ట్‌వేరుతోపాటు రెండో వీసా దిగి, తనే ప్రధానమని కూర్చుంది. దానికి వేరే కంపెనీ కార్డు ఒకటుందని తెలీదు. సెట్టింగుల్లో పాత వీసాని ప్రధానం చేసి, రెండిటికీ సయోధ్య కుదిర్చే ఆప్షను టిక్కు పెడితే మీటరు అడ్రసు జాబితాలో కనబడింది.

నేను ఎగిరి గంతేసి స్క్రిప్టు నడిపా. టైమవుట్! పెద్దాయన నవ్వి, "ఏమని అడుగుతోంది నీ స్క్రిప్టు?" అన్నాడు. '*ఐడీఎన్?' అని చెప్పా. "ఇది 87 కంటే ముందుది బాబూ. ఆ మాట పుట్టకముందు పుట్టింది. దానికేం తెలుసు?"

మీటరుకి నా భాష రాకపోతే, దానికి ప్రాణమే లేదని నేను తీర్పు చెప్పేశానన్నమాట.

ఆ రోజు నుంచీ నాకో అలవాటైంది. పరికరం కనబడకపోతే కింది మెట్టు నుంచి పైకి ఒక్కొక్కటే అడుగుతా. కేబులు, పవరు సరిగా ఉన్నాయా? డివైస్ మేనేజర్లో కనబడుతోందా, కనబడితే ఏ డ్రైవరు కింద? యూఎస్‌బీ పరికరమైతే టెస్ట్ అండ్ మెజర్‌మెంట్ తరగతిలో ఉందా, లేక ఉత్త సీరియల్ పోర్టులాగా ఉందా? లినక్స్ అయితే ఆ డివైస్ ఫైలు తెరవడానికి నా యూజరుకి అనుమతుందా? జీపీఐబీ అడ్రసు ఇంకో పరికరంతో ఢీకొంటోందా? మెషీన్లో వీసాలెన్ని, నా ప్రోగ్రాం పిలుస్తున్నది ఏది? ప్రోగ్రాం 32 బిట్లదై లైబ్రరీ 64 బిట్లది కాదు కదా? మాట చివర పరికరం ఎదురుచూసే న్యూలైన్ పంపుతున్నానా? ఇవన్నీ అయ్యాకే, అసలు ఆ మాట దానికి తెలుసా అన్న ప్రశ్న. ఒక మెట్టు దగ్గర జవాబొచ్చేదాకా పై మెట్టెక్కను. అన్నీ ఒకేసారి పీకి మళ్లీ వేస్తే ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ ఎందుకు చెడిందో మాత్రం తెలీదు. మళ్లీ చెడుతుంది.

నాకు అర్థమైంది ఒకటే. ఎక్కడెక్కడ అందరూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారో అక్కడ దశాబ్దాలైనా చెక్కుచెదరలేదు. ఎక్కడ సగంలో వదిలేశారో అక్కడే మన సాయంత్రాలు తగలడుతున్నాయి. కంపెనీల సంగతి చూడండి. హెచ్‌పీ కొలత పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్ అయింది, 2014లో కీసైట్ అయింది. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ని 2023లో ఎమర్సన్ కొనేసింది. బోర్డులు మారాయి, లోగోలు మారాయి. ఆ ఇరవై నాలుగు పిన్నుల కనెక్టరు మాత్రం ఇంకా ఉంది. 2025 జనవరిలో వచ్చిన లినక్స్ 6.13 కెర్నెల్లో జీపీఐబీ డ్రైవర్లు స్టేజింగ్ విభాగంలో చేరాయి, ప్రమాణం పుట్టిన సరిగ్గా యాభయ్యో ఏట! రెండేళ్లకో ఫ్రేమ్‌వర్కు మార్చే మనబోటివాళ్లు దానికో నమస్కారం పెట్టొచ్చు.

ఆ మధ్యాహ్నమే మేనేజరుకి ఇంకో మెయిలు రాశా. తప్పు మీటరుది కాదు, లాబ్‌దీ కాదు, నాదే అని. స్క్రాపు మాట అక్కడితో ఆగింది. పెద్దాయన ఆ మెయిలుకి జవాబేమీ ఇవ్వలేదు. ఆ మీటరు మాన్యువల్ మాత్రం జిరాక్సు తీయించి నా టేబుల్ మీద పెట్టి వెళ్లాడు.