పాత ఆట, కొత్త కంట్రోలర్: ఏది పనిచేస్తుంది? ఎక్కడ ఆగిపోతుంది?

కొత్త గేమింగ్ కన్సోల్ ఇంటికి రాగానే పాతదాన్ని అమ్మివేయడం మామూలే. కంట్రోలర్లు, తీగలు అన్నీ కలిపి ఇస్తేనే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. పాత ఆటల డిస్కులు మాత్రం అలమరలో మిగులుతాయి. కొత్త యంత్రం వాటిని కూడా ఆడిస్తుందని ప్రకటనల్లో చెప్పారు కదా అన్న ధీమా దీనికి కారణం. ఈ సౌలభ్యాన్ని 'బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ' అంటారు. వెనుకటి తరం ఆటలకు అనుకూలంగా ఉండటమని దీని అర్థం.

అయితే ఈ హామీలో రెండు భాగాలున్నాయి. పాత ఆటను యంత్రం చదవగలగడం మొదటిది. చేతిలో ఉన్న కొత్త కంట్రోలర్‌ను ఆ ఆట గుర్తించి, దాని ఆజ్ఞలను స్వీకరించడం రెండోది. మొదటిది నెరవేరి రెండోది నెరవేరని సందర్భాలు గత పాతికేళ్లలో చాలానే ఉన్నాయి. పాత కంట్రోలర్‌ను అమ్మేయాలా, దాచుకోవాలా అన్నది ఈ రెండో భాగం మీదే ఆధారపడి ఉంటుంది.

ఎర్ర దీపం చెప్పే సంగతి

సమస్య మూలం తెలియాలంటే సోనీ సంస్థ తొలి ప్లేస్టేషన్ వద్దకు వెళ్లాలి. 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ఆ యంత్రపు కంట్రోలర్‌కు బటన్లు మాత్రమే ఉండేవి. బొటనవేళ్లతో తిప్పే పుల్లలు, అంటే అనలాగ్ స్టిక్‌లు లేవు. 1997లో రెండు స్టిక్‌లు, చేతిలో అదురు పుట్టించే మోటార్లు ఉన్న 'డ్యుయల్‌షాక్' వచ్చింది. అప్పటికే మార్కెట్లో ఉన్న ఆటలకు ఇలాంటి పరికరం ఒకటి రాబోతోందని తెలిసే అవకాశం లేదు.

కన్సోల్ పలకరించిన ప్రతిసారీ కంట్రోలర్ తాను ఏ రకమో తెలిపే ఒక సంకేత సంఖ్యను పంపుతుంది. పాత ఆటకు తెలియని సంఖ్య వస్తే, అసలు కంట్రోలరే లేనట్టు అది ప్రవర్తించవచ్చు. అందుకే డ్యుయల్‌షాక్ నడుమ 'అనలాగ్' అనే చిన్న బటన్, దాని పక్కన ఎర్ర దీపం పెట్టారు. దీపం ఆరి ఉంటే కంట్రోలర్ పాత రకంగా తనను పరిచయం చేసుకుంటుంది. వెలిగితే కొత్త రకంగా చెప్పుకుంటుంది. 2000 మార్చి 4న జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ 2 తొలి ప్లేస్టేషన్ ఆటలను ఆడించేది. దాని కంట్రోలర్ డ్యుయల్‌షాక్ 2లోనూ ఈ బటన్‌ను, దీపాన్ని అలాగే ఉంచారు. ప్లేస్టేషన్ 2లో పెట్టిన పాత ఆట ఎంత నొక్కినా కదలకపోతే కంట్రోలర్ పాడైందనుకోనవసరం లేదు. ముందు ఆ దీపాన్ని ఆర్పి చూడాలి. దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. 1999 నాటి 'ఏప్ ఎస్కేప్' ఆట స్టిక్‌లు ఉన్న కంట్రోలర్ లేనిదే నడవదు.

వేలి ఒత్తిడిని కొలిచిన రోజులు

డ్యుయల్‌షాక్ 2 చూడటానికి పాతదానిలాగే ఉన్నా, దాని బటన్లలో చాలావరకు వేలి ఒత్తిడిని కొలుస్తాయి. మైక్రోసాఫ్ట్ తొలి ఎక్స్‌బాక్స్ బటన్లకూ ఈ గుణం ఉండేది. 2001లో వచ్చిన 'గ్రాన్ టురిస్మో 3'లో బటన్‌ను ఎంత గట్టిగా నొక్కితే కారు అంత వేగం అందుకుంటుంది. అదే ఏడాది వచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్ 2'లో గురిపెట్టిన తుపాకిని కాల్చకుండా దించాలంటే బటన్‌ను మెల్లగా వదలాలి. చటుక్కున వదిలితే గుండు పేలుతుంది. ఇలాంటి ఆటను ఒత్తిడి తెలియని కంట్రోలర్‌తో ఆడాలంటే, దాన్ని మళ్లీ విడుదల చేసేవారు ఆ పనికి మరో దారి చూపించాలి. సోనీ 2013 నాటి డ్యుయల్‌షాక్ 4 నుంచి ఈ గుణాన్ని తొలగించింది. కొత్తది వచ్చినప్పుడు పాతదానిలోని ప్రతి సదుపాయం నిలుస్తుందనుకోవడం పొరపాటని చెప్పడానికి ఇంతకంటే మంచి నిదర్శనం లేదు.

2006 నవంబరులో జపాన్‌లో మొదలైన ప్లేస్టేషన్ 3 మరో పాఠం నేర్పింది. దాని తొలి కంట్రోలర్ 'సిక్సాక్సిస్' చేతి కదలికను పసిగట్టగలదు, కానీ అదరదు. కదలికను పసిగట్టే భాగాలకు మోటార్ల అదురు అడ్డు వస్తుందని సోనీ వివరించింది. అదే కాలంలో ఆ సాంకేతికత పేటెంట్ల విషయమై ఇమ్మర్షన్ అనే సంస్థతో వివాదం నడుస్తూ ఉంది. 2007 మార్చిలో ఇరుపక్షాలు ఒప్పందానికి వచ్చాయి. ఆ ఏడాది నవంబరులోనే అదురు ఉన్న డ్యుయల్‌షాక్ 3 జపాన్‌లో విడుదలైంది.

ఈ లోటు ఎక్కడ బయటపడుతుందో 1998 నాటి 'మెటల్ గేర్ సాలిడ్'లో చూడవచ్చు. ఇంత పాత ఆట గుట్టు విప్పితే ఎవరూ నొచ్చుకోరనుకుంటాను. అందులో సైకో మాంటిస్ అనే ప్రతినాయకుడు తన మనశ్శక్తిని చూపిస్తానంటూ, కంట్రోలర్‌ను నేల మీద పెట్టమంటాడు. మోటార్ల అదురుకు అది దానంతట అదే కదులుతుంది. అదురే లేని సిక్సాక్సిస్‌తో ఆడితే ఆ గారడీ సాగదు. అతణ్ని ఓడించాలంటే కంట్రోలర్‌ను మొదటి సాకెట్ నుంచి తీసి రెండో సాకెట్‌లో గుచ్చాలి. ప్లేస్టేషన్ 3లో అలాంటి సాకెట్లు లేవు. అక్కడ కంట్రోలర్ నడుమనున్న 'పీఎస్' బటన్ నొక్కి, సెట్టింగ్స్‌లో దానికి 2వ సంఖ్య కేటాయించాలి. ఈ సంగతి తెలియని ఆటగాడు అక్కడే చిక్కుకుపోతాడు.

డిస్కే చదవకపోతే కంట్రోలర్ ప్రశ్నే తలెత్తదు. ప్లేస్టేషన్ 4, 5లు ప్లేస్టేషన్ 2 డిస్కులను చదవవు. 2009లో హైదరాబాద్ సంస్థలు ప్లేస్టేషన్ 2 కోసం రెండు ఆటలు రూపొందించాయి. అవి ఔరోనా టెక్నాలజీస్ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', గేమ్‌శాస్త్ర తయారుచేసిన 'దేశీ అడ్డా'. మన నేల మీద తయారైన ఆ డిస్కులు ఇంట్లో ఉన్నవారు, కొత్త కన్సోల్ కొన్నామని ప్లేస్టేషన్ 2ను, దాని కంట్రోలర్‌ను వదులుకోకపోవడమే మంచిది.

నేటి యంత్రాల తీరు

ప్లేస్టేషన్ 5 భారత్‌లో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. ప్లేస్టేషన్ 4 ఆటల్లో అత్యధిక భాగం ఇందులో నడుస్తాయి. కొత్త కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌తో వాటిని ఆడుకోవచ్చు. 'షేర్' బటన్ చేసే పనిని ఇప్పుడు 'క్రియేట్' బటన్ చేస్తుంది. అయితే విల్లు లాగినట్టు వేలికి ఎదురు తన్నే ట్రిగ్గర్ల ప్రత్యేకత పాత ఆటల్లో కనిపించదు. మామూలు అదురు మాత్రమే తెలుస్తుంది. ఆ ఆటలు రాసిన నాటికి ఈ సదుపాయం లేదు మరి.

ఇక పాత డ్యుయల్‌షాక్ 4ను ప్లేస్టేషన్ 5కు జతచేస్తే అది ప్లేస్టేషన్ 4 ఆటలకే పనికివస్తుంది, కొత్త తరం ఆటలను అంగీకరించదు. కొత్త ఆటలు కొత్త కంట్రోలర్ సామర్థ్యాన్ని వాడుకోవాలన్నది సోనీ చెప్పిన కారణం. కారణం ఏదైనా, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండో కంట్రోలర్ ఖర్చు తప్పదు. ఇక్కడ తరచూ ఒక తికమక ఎదురవుతుంది. ఒకే ఆటకు రెండు తరాల రూపాలూ కన్సోల్‌లో ఉంటే, నిన్న పనిచేసిన పాత కంట్రోలర్ ఈరోజు మొరాయించవచ్చు. ఆట పేరు దగ్గర మూడు చుక్కల గుర్తును నొక్కి, ఏ రూపం నడుస్తోందో చూసుకుంటే సంగతి తేలిపోతుంది.

మైక్రోసాఫ్ట్ ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. 2020 నవంబరు 10న విడుదలైన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ యంత్రాల్లో ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌తో సరికొత్త ఆటలను సైతం ఆడవచ్చు. కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే ఇదే న్యాయమైన పద్ధతి. అంతకు ముందు తరమైన ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌ను మాత్రం ఇవి అంగీకరించవు. ఎక్స్‌బాక్స్ 360 ఆట తెరపై 'స్టార్ట్' నొక్కమంటే 'మెనూ' బటన్, 'బ్యాక్' నొక్కమంటే 'వ్యూ' బటన్ నొక్కాలి. రెండూ ఒకేసారి నొక్కితే నాటి 360 గైడ్ తెర మీదికి వస్తుంది. తొలి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌పై నలుపు, తెలుపు రంగుల్లో రెండు చిన్న బటన్లు ఉండేవి. ఇప్పుడు తెలుపు పనిని ఎడమ బంపర్, నలుపు పనిని కుడి బంపర్ చేస్తాయి. శరీర కదలికలను చూసే కినెక్ట్ కెమెరా తప్పనిసరైన 360 ఆటలు ఈ సౌలభ్యం పరిధిలోకి రావు.

కొత్త కంట్రోలర్ పాత ఆటకు నిజమైన మేలు చేసిన చోటు ఒకటుంది. 2018లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన అడాప్టివ్ కంట్రోలర్‌కు రెండు పెద్ద మీటలు, బయటి స్విచ్‌లను గుచ్చుకునేందుకు వరుసగా సాకెట్లు ఉంటాయి. మోచేతితోనో, పాదంతోనో, గడ్డంతోనో నొక్కే స్విచ్‌ను ఏ బటన్‌కైనా బదులుగా అమర్చుకోవచ్చు. రెండు కంట్రోలర్లను కలిపి ఒక్కటిగా ఆట ముందు నిలబెట్టే 'కోపైలట్' సదుపాయం కూడా ఉంది. తల్లి ఒకటి, బిడ్డ ఒకటి పట్టుకుని ఒకే పాత్రను నడిపించవచ్చు. ఈ మార్పులన్నీ కన్సోల్ స్థాయిలోనే జరుగుతాయి. పాత ఆటకు అందేది మామూలు బటన్ సంకేతమే. అందువల్ల వైకల్యం ఉన్నవారి అవసరాలను ఊహించని రోజుల్లో తయారైన ఆటలు కూడా నేడు వారికి అందుబాటులోకి వచ్చాయి.

నింటెండో దారి

నింటెండో యంత్రాల్లో పాత కంట్రోలర్ విలువ మరీ ఎక్కువ. 2006 నాటి 'వీ' కన్సోల్ అంతకు ముందరి గేమ్‌క్యూబ్ డిస్కులను చదివేది. కానీ చేతిలో ఊపుతూ ఆడే కొత్త వీ రిమోట్‌తో వాటిని ఆడటం వీలయ్యేది కాదు. యంత్రానికి మూత కింద ఉన్న నాలుగు సాకెట్లలో గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌నే గుచ్చాలి. 2011లో వచ్చిన వీ నమూనాలో ఆ సాకెట్లను, వాటితోపాటు ఆ సౌలభ్యాన్ని కూడా తీసేశారు.

2025 జూన్ 5న విడుదలైన స్విచ్ 2లోనూ ఈ ధోరణి కొంత కనిపిస్తుంది. తొలి స్విచ్ ఆటల్లో అధిక భాగం కొత్త జాయ్‌కాన్ 2 కంట్రోలర్లతో నడుస్తాయి. అయితే పాత కుడి జాయ్‌కాన్‌లో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వీటిలో లేదు. పరిమాణం కూడా పెరిగింది. వ్యాయామం చేయించే 'రింగ్ ఫిట్ అడ్వెంచర్' ఆటలో చేతులతో నొక్కే చక్రానికి పాత జాయ్‌కాన్ మాత్రమే అమరుతుంది. పాత జాయ్‌కాన్లు వైర్‌లెస్‌గా స్విచ్ 2కు జతవుతాయి, కానీ దాని పక్కన అతకవు. పాత యంత్రానికి గాడి ఉండేది, కొత్తదానికి అయస్కాంతాలు ఉన్నాయి. కాబట్టి వాటిని ఛార్జ్ చేయడానికి పాత స్విచ్ గానీ, విడిగా దొరికే ఛార్జింగ్ గ్రిప్ గానీ ఇంట్లో ఉండాలి.