సాక్చి నీడ

జంషెడ్‌పూర్ ఎండల్లో పెంపుడు జంతువుకు మొదటి రక్ష కూలర్ కాదు, చెట్టు. ఉక్కు కర్మాగారానికి ఇంకా చోటే ఖాయం కాని 1902లో జంషెడ్‌జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాస్తూ, కట్టబోయే ఊళ్లో వీధులు వెడల్పుగా ఉండాలనీ, త్వరగా ఎదిగే నీడచెట్లు నాటాలనీ కోరాడు. ఆ తర్వాత కర్మాగారానికి ఎంచుకున్న సాక్చి గ్రామంలో పనులు 1908లో మొదలయ్యాయి.

ఆ చెట్లు మనుషుల కోసమే కదా అనవచ్చు. నిజమే, ఉత్తరంలో జంతువుల ఊసు లేదు. అయినా నీడ మనిషినీ కుక్కనూ వేరు చేయదు. కుక్కకు చెమట పాదాల్లోనే కాస్త పడుతుంది. నాలుక చాపి రొప్పుతూనే ఒళ్లు చల్లబరచుకుంటుంది. చుట్టూ గాలి వేడెక్కితే ఆ రొప్పూ చాలదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి పశువులతో పని చేయించరాదని జంతుహింస నివారణకు తెచ్చిన 1965 నిబంధనలు కూడా చెప్పాయి. అవి బరువు లాగే, మోసే పశువులకే. పెంపుడు కుక్క నడక వేళ యజమాని వివేకానికే మిగిలింది. అందుకే ముందు చేతి వెనకభాగం తారురోడ్డుకు ఆన్చి చూడండి. మీ చెయ్యి ఓర్వలేని దారిలో దాన్ని నడిపించకండి.