సహసంబంధ పరిశోధన: మదనపల్లె క్షయ అధ్యయనం నేపథ్యంలో

రెండు లేదా అంతకన్నా ఎక్కువ చలరాశులను ఉన్నవి ఉన్నట్టు కొలిచి, ఒకటి మారినప్పుడు మరొకటి ఏ దిశలో, ఏ మేరకు మారుతోందో తేల్చే పద్ధతి సహసంబంధ పరిశోధన. ఎవరికి మందు ఇవ్వాలి, ఎవరికి మానాలి అన్న నిర్ణయం ఇందులో పరిశోధకుడి చేతిలో ఉండదు. లోకంలో జరిగినదాన్ని కొలవడమే అతని పని. ఫలితాన్ని -1 నుంచి +1 దాకా ఉండే సహసంబంధ గుణకంతో చెబుతారు. రెండూ కలిసి పెరిగితే అది ధన సహసంబంధం. ఒకటి పెరిగేకొద్దీ మరొకటి తగ్గితే రుణ సహసంబంధం. మదనపల్లె మార్కెట్ యార్డుకు టమాటా రాబడి పెరిగిన కొద్దీ ధర పడిపోవడం రెండో రకానికి చిత్తూరు రైతు బాగా ఎరిగిన ఉదాహరణ. గుణకం సున్నా వచ్చిందంటే సరళరేఖలో పొసగే సంబంధం లేదని మాత్రమే అర్థం. వంపు తిరిగిన సంబంధం ఉండి కూడా సున్నా రావచ్చు.

చరిత్ర

1888లో ఫ్రాన్సిస్ గాల్టన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో ఈ భావన శాస్త్రంలో నిలబడింది. మనుషుల ఎత్తు, ముంజేతి పొడవు వంటి కొలతలు ఒకదానితో ఒకటి ఎలా నడుస్తాయో ఆయన చూశాడు. 1896లో కార్ల్ పియర్సన్ దానికి ఇప్పుడు మనం వాడే సూత్రాన్ని ఇచ్చాడు. కొలతలకు బదులు ర్యాంకులు మాత్రమే ఉన్నప్పుడు ఏం చేయాలో 1904లో చార్లెస్ స్పియర్‌మన్ చూపాడు. మూడో చలరాశి ప్రభావాన్ని తీసివేసి మిగతా రెంటి సంబంధాన్ని చూసే పాక్షిక సహసంబంధానికి ఉడ్నీ యూల్ బాట వేశాడు.

భారతదేశంలో ఈ గణితం కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థలో వేళ్లూనుకుంది. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో అక్కడికి చేరారు. యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) ప్రజల శరీర కొలతలపై మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి ఆయన చేసిన విశ్లేషణ 1949లో వెలువడింది. ఒకే మనిషి ఎత్తు, తల వెడల్పు, ముక్కు పొడవు పరస్పరం ముడిపడి ఉంటాయి. ఒక్కొక్క కొలతనూ విడదీసి చూడకుండా, ఆ ముడిని లెక్కలో ఉంచుకుని జనసమూహాలను పోల్చడం ఆ పని సారం.

తెలుగు నేలపై ఈ తరహా ఆలోచనకు అంతకు ముందే గట్టి ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే జబ్బుకూ, తాగే నీటిలోని ఫ్లోరైడుకూ ఉన్న సంబంధాన్ని షార్ట్ తదితరులు 1937లో ప్రచురించారు. కావాలని మనుషులకు ఫ్లోరైడు నీళ్లు తాగించి చూడడం ఎవరూ ఒప్పుకోని పని. అలాంటి చోట బావి నీటిని, మనిషి ఎముకను పక్కపక్కన పెట్టి చూడడమే దారి.

మదనపల్లె

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1912 నాటి యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం ఉండేది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాని తొలి పెద్ద. అక్కడే జొహానెస్ ఫ్రిమాట్ మోలర్ బృందం 1950లో చుట్టుపక్కల పల్లెల జనాభాపై సుదీర్ఘ అధ్యయనం మొదలుపెట్టింది. రోగులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా ఊళ్లలోకే వెళ్లి జనాన్ని పరీక్షించడం దాని గొప్పతనం. ఆసుపత్రికి వచ్చినవారినే లెక్కిస్తే జబ్బు ముదిరినవారు, రాగల స్తోమత ఉన్నవారు మాత్రమే కనిపిస్తారు. అలా ఏరిన గుంపులో కనిపించే సంబంధం ఊరి మొత్తానికీ వర్తించాలని లేదు.

ఆ అధ్యయనంలోనే బి.సి.జి. టీకా పరీక్ష జరిగింది. ఒకరిని విడిచి ఒకరికి టీకా వేశారు కనుక ఇది సహసంబంధ పరిశోధన కాదు, ప్రయోగం. 1973 నివేదిక ప్రకారం టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. అంటే రిస్కు సుమారు 20 శాతం తగ్గింది. అయితే ఇంత తక్కువ కేసుల్లో ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. అదే టీకా బ్రిటన్ పాఠశాల పిల్లలకు నాలుగింట మూడు వంతుల పైగా రక్షణ ఇచ్చింది. 1968లో చెంగల్పట్టులో మొదలైన భారీ పరీక్షలో టీకా వేసినవారిలో 505 కేసులు, వేయనివారిలో 499 కేసులు తేలాయి. రెండు వైపులా 88 వేల పైచిలుకు మంది ఉన్నారు. రక్షణ లేదన్నమాట.

ఒకే టీకా ఇన్ని రకాలుగా పని చేయడమేమిటి? 1994లో కోల్డిట్జ్ బృందం ప్రపంచంలోని ఇలాంటి 13 పరీక్షలను ఒకచోట చేర్చింది. భూమధ్యరేఖకు దూరంగా జరిగినవాటిలో టీకా ఎక్కువగా పనిచేసింది. పరీక్షల మధ్య తేడాలో 66 శాతాన్ని అక్షాంశం, అధ్యయన నాణ్యత కలిసి వివరించాయి. చిన్నా పెద్దా పరీక్షలన్నిటికీ సమాన విలువ ఇచ్చి సాదాగా లెక్క కట్టినా, అక్షాంశానికీ రక్షణకూ (రిస్కు నిష్పత్తుల లాగరిథమ్‌పై) గుణకం దాదాపు 0.55 వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. 13 పరీక్షల్లో ఒక్కొక్కటీ ప్రయోగమే అయినా, వాటిని అక్షాంశం వారీగా పోల్చడం మాత్రం సహసంబంధ పరిశోధనే. ఏ పరీక్ష ఏ అక్షాంశంలో జరగాలో ఎవరూ చీటీలు వేసి నిర్ణయించలేదు.

అక్షాంశం ఎవరి ఊపిరితిత్తుల్లోకీ దూరదు. దాని వెనుక దాగిన మూడో చలరాశి కోసం వెతకాలి. వెచ్చని నేలల్లో, నీళ్లలో క్షయ కారకం కాని మైకోబాక్టీరియాలు విస్తారంగా ఉంటాయి. వాటి బారిన పడినవారికి కొంత రక్షణ ముందే వచ్చేసి, టీకా చేసే మేలు విడిగా కనిపించకుండా పోతుందని ఒక వివరణ. పామర్, లాంగ్ అంతకు చాలా ముందే, 1966లో, గినీ పందులపై చేసిన పని దీనికి ఊతమిచ్చింది. నా లెక్కలో ఈ పద్ధతి చేసిన అసలు మేలు ఇదే: జవాబును అది చేతికివ్వలేదు, జవాబు కోసం ఎక్కడ వెతకాలో చెప్పింది. అయినా వివరణ సంపూర్ణం కాదు. 19వ అక్షాంశంలోని హైతీలో టీకా చాలా బాగా పనిచేసింది. 33వ అక్షాంశం దగ్గరి అమెరికా జార్జియాలో దాదాపు పని చేయలేదు.

పరిమితులు

మదనపల్లె 13 డిగ్రీల 33 నిమిషాల ఉత్తర అక్షాంశంలో, పుంగనూరు 13 డిగ్రీల 22 నిమిషాల దగ్గర, కుప్పం 12 డిగ్రీల 45 నిమిషాల దగ్గర ఉన్నాయి. ఈ మూడు చోట్లే పరీక్షలు చేసి ఉంటే అక్షాంశ సంబంధం బయటపడే అవకాశమే లేదు. మూడింటి మధ్య ఒక్క డిగ్రీ తేడా కూడా లేదు కదా. చలరాశిలో విస్తృతి లేకపోతే నిజంగా ఉన్న సంబంధం కూడా గుణకంలో మాయమవుతుంది. పాఠ్యపుస్తకాలు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వవు. జిల్లా దాటని సర్వేలతో డిగ్రీ పరిశోధనలు చేసే విద్యార్థులు మొదట అడగవలసిన ప్రశ్న ఇది: నేను ఎంచుకున్న ఊళ్లు ఒకదానికొకటి తగినంత వేరుగా ఉన్నాయా?

మరొక జాగ్రత్త, గుంపుల మధ్య కనిపించిన సంబంధాన్ని ఒక్క మనిషికి అంటగట్టకూడదు. ఉత్తర దేశాల పరీక్షల్లో టీకా బాగా పనిచేసిందని తేలినంత మాత్రాన, కుప్పం నుంచి లండన్ వెళ్లిన మనిషికి అది ఎంత మేలు చేస్తుందో ఆ 13 పరీక్షల పట్టిక చెప్పజాలదు.

ఆ పట్టిక నేటికీ పాఠంగా నడుస్తోంది. ఆర్ అనే గణాంక భాషలోని మెటాఫార్ ప్యాకేజీతో నమూనాగా వచ్చే బి.సి.జి. దత్తాంశంలో ఐదో వరుస మదనపల్లెది: టీకా వేసినవారిలో 33 కేసులు, వేయనివారిలో 47, అక్షాంశం 13.