వెనక సీటు లేని సైకిలు

పోయిన కార్తీకంలో కారంపూడి తిరునాళ్ళకు మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చింది సరే, కారు వెనక ఒక సైకిలు కట్టుకుని మరీ వచ్చింది. దించి వాకిట్లో నిలబెట్టగానే నా గుండె గుభేలుమంది.

"ఇదేమిటే, దీని నడుం విరిగినట్టుందే!" అన్నాను.

నిజంగా అట్లాగే ఉంది. ముందు చక్రానికి అటూ ఇటూ రెండు లావుపాటి గొట్టాలు. సీటు కింద చిన్న పంపులాంటిది ఇంకొకటి. వెనక చక్రమున్న భాగమంతా తలుపు కీలు మీద ఆడినట్టు ఆడుతోంది.

"విరగలేదు అమ్మమ్మా, వంగుతుందంతే. దీన్ని ఫుల్ సస్పెన్షన్ అంటారు. ముందూ వెనకా రెండు చక్రాలకీ కుదుపు మింగే ఏర్పాటుంది. రాళ్ళల్లో, గుట్టల్లో తొక్కడానికి."

ఖరీదెంతే అంటే మాట మార్చేసింది. ఆ మార్చడంలోనే నాకు అర్థమైపోయింది. ఈలోగా మా వీధి చివర సైకిలు షాపు సాయెబుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. సీటు మీద అరచెయ్యి వేసి నొక్కారు. అది మెత్తగా దిగి మెత్తగా పైకి లేచింది. "ఏందమ్మా ఇది, సైకిలా సోఫానా?" అన్నారు.

నేను మాత్రం చుట్టూ తిరిగి చూసి, నాకు తోచిన మొదటి ప్రశ్న అడిగాను. "క్యారియరేదే దీనికి?"

"ఉండదు."

"మరి వెనక మనిషి ఎక్కడ కూర్చుంటుంది?"

"కూర్చోదు" అని ఫక్కున నవ్వింది. "కూర్చుంటుంది అంటావేం అమ్మమ్మా? కూర్చుంటాడు అనొచ్చుగా?"

నా నోట్లోంచి అట్లాగే వచ్చింది మరి. మా రోజుల్లో సైకిలు వెనక కూర్చునేది ఎవరో మీకు వేరే చెప్పాలా?

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు పంతులు. కారంపూడికి మూడు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ఆయనకొక నల్ల సైకిలుండేది. ముందు బారు మీద తుండుగుడ్డ చుట్టి నన్ను కూర్చోబెట్టేవారు. వెనక క్యారియరు మీద మా అమ్మ, ఒక పక్కకు కాళ్ళు వేలాడేసుకుని, పాత బొంత ముక్క మడతపెట్టి కింద వేసుకుని కూర్చునేది. 1966లో, నాకప్పుడు ఎనిమిదేళ్ళు, అట్లాగే తిరునాళ్ళకు బయల్దేరాం.

కారంపూడి తిరునాళ్ళంటే మామూలు తిరునాళ్ళు కాదు. 1182 ప్రాంతంలో నాగులేటి ఒడ్డున జరిగిన పలనాటి యుద్ధానికి ఏటేటా చేసే తద్దినం లాంటిది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. నాన్నగారికి ఆ కథంటే ప్రాణం. పెడలు తొక్కుతూ తొక్కుతూ బ్రహ్మనాయుడి చాపకూడు గురించి అమ్మకు చెబుతున్నారు. రోడ్డు చూడబోతే కంకర తేలి ఎక్కడికక్కడ గుంటలు. "విన్నావుటే?" అంటున్నారు. జవాబు లేదు. మౌనం అర్ధాంగీకారమనుకుని ఇంకా ఉత్సాహంగా చెబుతున్నారు. నాగులేటి దగ్గర సైకిలు దిగి వెనక్కి తిరిగి చూస్తే ఏముంది? బొంత ముక్కా లేదు, అమ్మా లేదు!

వెనక్కి పరుగెత్తాం. అరమైలు దూరంలో తుమ్మచెట్టు కింద రాయి మీద కూర్చుని కొంగుతో మోచెయ్యి తుడుచుకుంటోంది. గుంటలో చక్రం పడ్డప్పుడు ఎగిరి కింద పడిందట. నాన్నగారు కంగారుగా దగ్గరికి వెళితే, "కథ ఎంతవరకూ వచ్చింది?" అంది.

ఈ ముచ్చట చెప్పుకుని మా ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం. అమ్మ కూడా నవ్వేది. కానీ ఆ తరవాత మళ్ళీ సైకిలెక్కలేదు. "నడిచి వస్తాలే, కాళ్ళు సాగుతాయి" అనేది. చివరి రోజుల్లో, ఈ నడుం నొప్పి ఎప్పటినుంచమ్మా అని డాక్టరుగారు అడిగితే, "సాగరు నీళ్ళు రావటానికి ముందు ఏడు నుంచండీ" అని మెల్లిగా చెప్పింది. సాగరు కాలవలకు నీళ్ళొదిలింది 1967లో. పక్కనే నిలబడ్డ నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. ఆ తరవాత ఆ ముచ్చటకు నాకు నవ్వు రాలేదు.

బళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలకు చరిత్ర చెప్పిన దాన్ని. సైకిలు చరిత్ర ఎక్కడ కనబడినా చదివాను. చదివిన కొద్దీ నాకొకటే అనిపించింది. రాజుల చరిత్రంతా సింహాసనం ఎవరిదన్న తగువైతే, సైకిలు చరిత్రంతా కుదుపు ఎవరిదన్న తగువు.

1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కర్రబండి చేశాడు. దానికి పెడళ్ళు లేవు. పైన కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు పెట్టారు. చక్రాలకేమో ఇనప పట్టాలు, వీధులకేమో రాళ్ళ పరుపు. ఇంగ్లండు వాళ్ళు దానికి 'ఎముకలు కుదిపేది' అనే పేరు పెట్టారంటే దాని సుఖం ఎంతటిదో ఊహించుకోండి. 1885లో స్టార్లీ అనే ఆయన కోవెంట్రీలో రెండు ఇంచుమించు సమానమైన చక్రాలతో 'రోవర్' చేశాడు. మన నాన్నలు తొక్కిన సైకిలుకు అది తాతగారు. ఆ రోజుల్లోనే 'విప్పెట్' అని ఒంటి నిండా స్ప్రింగులున్న సైకిలు కూడా అమ్మారు. అంటే మా మనవరాలి సైకిలు లాంటి ఆలోచన నూటనలభై ఏళ్ళ నాటిదన్నమాట!

మరి అది ఏమైపోయింది? గాలి దాని పొట్ట కొట్టింది. బెల్ఫాస్టులో డన్లప్ అనే పశువుల డాక్టరు కొడుకు మూడుచక్రాల బండి కోసం రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. గాలి టైరే కుదుపును మింగుతుంటే బరువైన స్ప్రింగులు ఎందుకని వాటిని తీసిపారేశారు. సీటు కింద మాత్రం రెండు చుట్టలు మిగిలాయి, తొక్కేవాడి కోసం. వెనక క్యారియరుకూ ఒక స్ప్రింగుంది సుమండీ! అది సామాను జారకుండా పట్టుకోవడానికి.

ఇంతకీ ఆడవాళ్ళు ముందు సీటెక్కితే ఈ తగువే లేదు కదా అంటారేమో. నేనూ ఎక్కాను. సీటు అందక, బారు కింద త్రికోణపు సందులోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా వంకర పెట్టుకుని తొక్కాను. మోకాళ్ళు చెక్కుకుపోయినా సరే, నాగులేటి దాకా పోయి వచ్చేదాన్ని. పన్నెండో ఏట ఓణీ వేశారు, ఆ రోజే సైకిలు దింపేశారు. నాయకురాలు నాగమ్మ మంత్రిత్వం నెరిపి రాజ్యం నడిపిన సీమలో, ఓణీ వేసుకున్న పిల్ల సైకిలు నడిపితే వింతట!

అన్నిచోట్లా ఇంతేలెండి. అమెరికాలో ఫ్రాన్సెస్ విలార్డ్ అనే ఆవిడ యాభై మూడో ఏట సైకిలు నేర్చుకుని, ఆ సైకిలుకు గ్లాడిస్ అని ముద్దుపేరు పెట్టి, 1895లో దాని మీద ఏకంగా పుస్తకమే రాసింది. మన పక్కన తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పారు. కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని భుజాన వేసుకున్నారు. వేలకు వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. కొందరికి అవే నచ్చాయట, ముందు బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని. అది చదివినప్పుడు మా నాన్నగారి తుండుగుడ్డ గుర్తొచ్చింది.

ఇక మళ్ళీ స్ప్రింగుల సంగతికి వస్తాను. పోయిన స్ప్రింగులను తిరిగి తెచ్చింది కొండలు. 1970లలో కాలిఫోర్నియాలో మౌంట్ టామల్పైస్ కొండ దగ్గర కొందరు కుర్రాళ్ళు, లావు టైర్ల పాత సైకిళ్ళను కొండెక్కించి మట్టిదారుల్లో కిందికి దొర్లించడం మొదలుపెట్టారు. 1976లో పందేలు పెట్టుకున్నారు. ఒక్కసారి దిగేసరికి బ్రేకులోని గ్రీజంతా కాలి పొగైపోయేదట. మళ్ళీ గ్రీజు నింపితేగానీ కదలదు. అందుకని ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. వాళ్ళల్లో వెండీ క్రాగ్ అనే అమ్మాయి కూడా తొక్కింది, ఫోటోలూ తీసింది. మరుసటేడు జో బ్రీజ్ ఆ పనికోసమే ప్రత్యేకంగా సైకిలు చేశాడు. 1989లో రాక్‌షాక్స్ వాళ్ళ ముందు ఫోర్కు వచ్చింది. తరవాత వెనక చక్రానికీ వచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ కొండ సైకిళ్ళ పందేన్ని చేర్చారు. ఆడవాళ్ళలో తొలి బంగారు పతకం ఇటలీ వనిత పావొలా పెజ్జోది. కానీ పందెగాళ్ళు చాలాకాలం వెనక స్ప్రింగును నమ్మలేదు, బరువని. 2012లో లండనులో కుల్హావీ అనే చెక్ దేశస్థుడు ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిలు మీద బంగారం గెలిచాకగానీ అనుమానం తీరలేదు.

మా మనవరాలితో ఇద్దరు ఆఫీసు స్నేహితులు కూడా వచ్చారు. ముగ్గురూ తెల్లవారుజామున లేచి, చద్దన్నం తిని, డొంకలు పట్టుకుని గుత్తికొండ వైపు పోయారు. పలనాటి నేల సంగతి మీకు తెలిసిందే. నాపరాయి, తేలిన కంకర, దాని మీద పల్లేరుకాయలు. పదకొండు గంటలకు ముఖాన దుమ్ముతో వచ్చి వసారాలో చతికిలబడ్డారు. మజ్జిగ తాగుతూ ఒకటే వాదన.

ఒకబ్బాయి సైకిలుకు ముందు మాత్రమే స్ప్రింగుంది. "ఎక్కుడులో వెనక స్ప్రింగు దండగండీ. తొక్కిన ప్రతిసారీ అది ఊగుతుంది. సగం బలం ఆ ఉయ్యాలకే పోతుంది" అన్నాడు.

"అందుకేగా హ్యాండిలు దగ్గర మీట ఉంది? అది నొక్కితే బిగుసుకుంటుంది" అంది మా పిల్ల. "అయినా రాళ్ళ మీద ఎక్కేటప్పుడు నీ వెనక చక్రం ఎగిరి జారింది. నాది నేలను అంటిపెట్టుకునే ఉంది. నువ్వు దిగి తోసుకుంటూ వచ్చావు, నేను కూర్చునే ఎక్కాను."

రెండో అబ్బాయిది కూడా మా పిల్ల సైకిలు లాంటిదే. అతను తలూపాడు. "నడుం నొప్పితో సైకిలు మానేద్దామనుకుని, చివరికి ఇది కొన్నాను. ఇప్పుడు మూడు గంటలు తొక్కినా లేచి నిలబడగలుగుతున్నాను. ఒకటే చిక్కు. మెత్తగా ఉందిగదా అని దిగుడులో తెలియకుండానే వేగం పెరిగిపోతుంది. పడితే నేల మాత్రం మెత్తన కాదు. పైగా ఈ దుమ్ము కీళ్ళల్లో దూరిందంటే కిర్రుకిర్రుమంటుంది. ఖర్చు కూడా బాగానే ఉంటుంది."

అసలు కుదుపు ఎక్కడికి పోతుందే అని అడిగాను. స్ప్రింగొక్కటే అయితే గుర్రంలా ఎగిరెగిరి పడుతుందట. అందుకని పక్కన నూనె పెట్టారు. జంతికల గొట్టంలో పిండి నొక్కుతాం చూడండి, చిన్న కన్నాల్లోంచి రావాలంటే పిండి మొరాయించి మన చేతి బలమంతా తీసుకుంటుంది. అట్లాగే నూనె సన్నటి కన్నాల్లోంచి దూరుతూ ఆ దెబ్బను కాస్త వేడిగా మార్చి మింగేస్తుందట. చక్రం నాలుగైదు అంగుళాల మేర పైకీ కిందికీ ఆడుతుంది. మనిషి కూర్చోగానే అందులో నాలుగో వంతు దిగిపోవాలట. అట్లా ముందే కొంత దిగి ఉంటేనే, గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి చాపుకుని నేలను అందుకుంటుంది.

టైర్లలో ట్యూబులు కూడా లేవు. లోపల ఏదో పాలలాంటి మందు పోశారు. పల్లేరుకాయ గుచ్చుకుంటే ఆ మందే కన్నం పూడ్చేస్తుంది. సాయెబుగారు మూడు ముళ్ళు పీకి చూసి, "మా అన్నం కూడా పూడ్చేట్టున్నారమ్మా" అని నవ్వారు.

సాయంత్రం ఎండ తగ్గాక మా పిల్ల సైకిలు తీసుకుని, "రా అమ్మమ్మా, నాగులేటి దాకా పోయొద్దాం" అంది.

"నేనెక్కడ కూర్చోనే?"

"వెనక చోటు లేదన్నానుగా. మెత్తదనం తెలియాలంటే నువ్వే తొక్కాలి."

ఈ వయసులో ఇదేం చోద్యమన్నాను. గ్లాడిస్ ఆవిడ కథ నువ్వే చెప్పావుగా అంది. సరే, చీర కుచ్చెళ్ళు ఎగదోపి బొడ్లో బిగించాను. సీటు బాగా కిందికి దించింది. అది పక్కన పట్టుకుంటే, పొలంగట్టు దగ్గర ఎక్కాను. ఎక్కగానే సీటు నన్నెరిగినట్టు కాస్త కిందికి ఒదిగింది. యాభై ఏళ్ళు దాటినా కాళ్ళు మరచిపోలేదు. కుడికాలు, ఎడమకాలు. ఎదురుగా ఒక గుంట, దాని అంచున తేలిన కంకర. కళ్ళు మూసుకున్నాను. దబ్బుమంటుందనుకున్నాను. కింద ఏదో నిట్టూర్చినట్టయింది, అంతే. నడుముకేమీ తెలియలేదు.

ఇరవై గజాలకన్నా ఎక్కువ పోలేదు లెండి. మా పిల్ల పక్కన పరుగెత్తుతూ ఏదో చెబుతూనే ఉంది. "విన్నావా అమ్మమ్మా?" అంటోంది. నేను జవాబు చెప్పలేదు.

"అమ్మమ్మా! ఉన్నావా?"

"ఉన్నానే" అన్నాను.

దిగాక సైకిలును గట్టుకు ఆనించి, పమిటచెంగుతో దాని సీటు మీద దుమ్ము తుడిచాను. సైకిలు నాన్నగారిది లాంటిది కాకపోయినా, ఆ దుమ్ము మాత్రం అదే దుమ్ము.